నాయనమ్మ వాటా

"మీ నాన్నగారు పోయిన రోజుకి ఆయన తల్లిగారు బతికే ఉన్నారా అమ్మా?"

2023 మార్చిలో లోను కాగితాలు చూస్తున్న లాయరు గారు నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఉన్నారనీ, ఎనిమిది నెలల తర్వాత పోయారనీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి ఫైలు మీద పెట్టారు. "అయితే ఇది ఇంతటితో తెమలదమ్మా" అన్నారు.

అప్పటికి నాన్న పోయి ఏడాది దాటింది. తిరగాల్సిన ఆఫీసులన్నీ తిరిగేశాం, పని అయిపోయింది అనుకుంటున్నాం. అసలు పని ఆ రోజే మొదలైంది.

నాన్న 2022లో సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజున నిద్రలోనే పోయారు. 62 ఏళ్లు. గుంటూరు జిల్లాలో మాదొక చిన్న ఊరు. అక్కడి రైస్ మిల్లులో ముప్ఫై ఏళ్ల పైన గుమాస్తాగా చేశారు. ఆయన పేరున ఉన్నవి ఇవీ: 1998లో కట్టుకున్న 150 గజాల డాబా ఇల్లు, అంతకు ముందు ఏడాది కొన్న 80 సెంట్ల పొలం, రెండు బ్యాంకుల్లో కలిపి ఐదు లక్షల లోపు డబ్బు, పెళ్లికి ముందెప్పుడో కట్టిన ఒక ఎల్‌ఐసీ పాలసీ. అంతే. ఇందులో వారసత్వంగా వచ్చింది ఒక్క గజం కూడా లేదు. అంతా ఆయన కష్టార్జితం.

వీలునామా మాట ఇంట్లో ఒకే ఒక్కసారి వచ్చింది. మిల్లు యజమానుల పంపకాల గొడవ నడుస్తున్న రోజుల్లో నాన్నే అన్నారు: "వీలునామాలు కోట్లు ఉన్నవాళ్లకి. మనకున్నది ఎంత? అది మీ ముగ్గురిదే అని అందరికీ తెలిసిందే కదా." మేమూ సరేననుకున్నాం. నేను ఒక స్కూల్లో అకౌంట్స్ చూస్తాను, తమ్ముడు హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. మా ఇద్దరికీ ఆస్తి గురించి పేచీ లేదు, ఇప్పటికీ లేదు. పేచీ లేనివాళ్లకి కాగితం ఎందుకు అనిపించేది.

పెద్దకర్మ అయిన మర్నాడు బీరువాలోంచి నాన్న రెక్సిన్ సంచి తీశాం. మిల్లులో రూపాయి తేడా రాకుండా లెక్కలు రాసిన మనిషి. ఆయన ఖాతా పుస్తకాలు చూస్తే అచ్చు వేసినట్టు ఉండేవి. సొంత ఇంటి లెక్క మాత్రం ఆయన తలలోనే ఉండిపోయింది. సంచిలో కరెంటు రసీదులు, ఎరువుల బిల్లులు, మా చిన్నప్పటి ఫీజు రసీదులు, మధ్యలో ఎక్కడో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు. మొత్తం ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో రాసిన చీటీ ఒక్కటీ లేదు. ఫోను ప్యాటర్న్ ఎవరికీ తెలియదు. రీచార్జి చెయ్యాలని మాకు తట్టలేదు, కొన్ని నెలలకి సిమ్ కాస్తా ఆగిపోయింది. బ్యాంకు మెసేజీలు వచ్చే దారి కూడా అలా మూసుకుపోయింది.

ఒక పని మాత్రం తెలియకుండానే సరిగ్గా చేశాం. మరణాన్ని 21 రోజుల్లోపే నమోదు చేయించి, సర్టిఫికెట్ కాపీలు పది తీసుకున్నాం. పదీ అయిపోయాయి.

తర్వాత కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. బ్యాంకు నుంచి పొలం మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) దాకా ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఇదే. అప్లికేషన్‌లో అమ్మ పేరు, నా పేరు, తమ్ముడి పేరు రాశాం. నాయనమ్మ అప్పుడు వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడ పేరు రాయాలన్న ఆలోచన మాకు రాలేదు. ఎవరూ అడగలేదు కూడా. కుటుంబం అంటే భార్యా పిల్లలే కదా అనుకున్నాం. ముగ్గురి పేర్లతో సర్టిఫికెట్ వచ్చింది. ఆ ఖాళీ మమ్మల్ని ఎంత దూరం తిప్పిందో ముందు ముందు చెబుతాను.

బ్యాంకుల సంగతి. రెండు లక్షల డిపాజిట్ ఒకదానికి నాన్న అమ్మను నామినీగా పెట్టారు. డెత్ సర్టిఫికెట్, అమ్మ ఆధార్, ఒక ఫారం ఇస్తే వారంలో డబ్బు అమ్మ ఖాతాలో పడింది. రెండో బ్యాంకులో అంతకంటే కాస్త ఎక్కువ ఉంది, నామినీ లేరు. అక్కడ ముగ్గురం కలిసి సంతకాలు పెట్టాలి, అఫిడవిట్ ఇవ్వాలి, రేపు ఇంకెవరైనా హక్కుదారులు వస్తే మేమే బాధ్యులమని ఇండెమ్నిటీ బాండు రాయాలి, పూచీ ఉండే మనుషుల్ని తీసుకెళ్లాలి. పైగా పేరు తేడా. పాస్‌బుక్‌లో ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది, ఇంటి దస్తావేజులో అసలు స్పెల్లింగే వేరు. ఆ మూడు పేర్లూ ఒక్క మనిషివేనని ఇంకో అఫిడవిట్. తమ్ముడు హైదరాబాద్ నుంచి నాలుగు సార్లు వచ్చాడు. ఆరు నెలలు పట్టింది. అదే మనిషి, అదే భార్య, ఒక గడి నింపడంలో ఉన్న తేడా ఇది.

ఆ మొత్తం బ్యాంకు పెట్టుకున్న పరిమితి దాటి ఉంటే, వారసులం మేమేనని కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ కోసం సివిల్ కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. అంటే పిటిషన్, పేపర్లో ప్రకటన, కోర్టు ఫీజు, వాయిదాలు. 2025లో రిజర్వు బ్యాంకు దీన్ని కాస్త సులువు చేసింది. నామినీ లేని ఖాతాల్లో, తగాదా లేకపోతే, సహకార బ్యాంకులు కాని మామూలు బ్యాంకుల్లో 15 లక్షల దాకా కోర్టు కాగితం లేకుండానే ఇవ్వాలంది. మా అప్పుడు ఆ వెసులుబాటు లేదు.

అన్నిటికంటే అమ్మను ఏడిపించింది బంగారం. పొలం పెట్టుబడి కోసం నాన్న బంగారం మీద లోను తీసుకున్నారు. తాకట్టు పెట్టినవి అమ్మ చంద్రహారం, రెండు జతల గాజులు. పెళ్లిలో అమ్మమ్మ పెట్టినవి. కానీ లోను నాన్న పేరున ఉంది కాబట్టి ఆ నగలు కాగితం మీద నాన్నవే. బాకీ మొత్తం కట్టాక కూడా మా ముగ్గురి సంతకాలూ లేనిదే అమ్మ నగలు అమ్మకు రాలేదు. కౌంటర్ అవతల గుడ్డ సంచి విప్పి తూకం వేస్తుంటే, "అవి మా అమ్మ పెట్టినవి నాయనా" అని అమ్మ ఆ కుర్రాడితో రెండు మూడు సార్లు అంది. అతను తలూపాడు, అంతకంటే చెయ్యగలిగింది అతనికీ లేదు.

ఎల్‌ఐసీ పాలసీ 1986 నాటిది. యాభై వేలకు కట్టింది, బోనస్‌లతో లక్షా డెబ్బై వేల చిల్లర అయింది. తీరా చూస్తే నామినీ నాయనమ్మ. పెళ్లికి ముందు కట్టిన పాలసీ కదా, అప్పుడు ఆయనకు అమ్మ తప్ప ఎవరున్నారు? పెళ్లయ్యాక మార్చడం మర్చిపోయారు. పాలసీ డబ్బు నాయనమ్మ ఖాతాలోనే పడింది. ఆవిడకు 84 ఏళ్లు. ఆటోలో తీసుకెళ్తే విత్‌డ్రాయల్ ఫారం మీద వేలిముద్ర వేసి, నోట్ల కట్టలు చీర కొంగులో పెట్టుకుని ఇంటికొచ్చి అమ్మ ఒళ్లో పోసింది. "నా కొడుకు నీకోసం దాచింది, నా చేతుల మీదుగా వచ్చింది, అంతే" అంది.

ఆ రాత్రే ఇంకో మాట కూడా అంది. "నా వేలిముద్ర ఇంకెక్కడైనా కావాలంటే ఇప్పుడే వేయించుకోండే. నేను ఎన్నాళ్లుంటానో." నేను నవ్వి, "నీ వేలిముద్రతో మాకేం పని నాయనమ్మా, పడుకో" అన్నాను. ఆ సెప్టెంబరులో ఆవిడ పోయింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

ఎందుకో చెబుతాను. 2023 మొదట్లో తమ్ముడు ఇంటి మీద ఒక అంతస్తు వేసి, అమ్మ దగ్గరికి వచ్చేద్దామనుకున్నాడు. లోనుకు వెళ్తే బ్యాంకు వాళ్లు కాగితాలు లీగల్ ఒపీనియన్‌కు పంపారు. మొదట్లో చెప్పిన ప్రశ్న అక్కడే వచ్చింది. లాయరు గారు తెల్లకాగితం తీసుకుని నాకు అర్థమయ్యేలా గీసి చూపించారు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాళ్లు వీలునామా రాయకుండా పోతే, వాళ్ల స్వార్జితం మొదటి తరగతి వారసులకు సమానంగా పోతుంది. భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా ఆ మొదటి తరగతిలోనే ఉంది. ఆ తరగతిలో తండ్రి లేడు, తల్లి ఉంది. అంటే నాన్న కన్నుమూసిన క్షణంలోనే మా ఇంట్లో, పొలంలో నాయనమ్మకు నాలుగో వంతు వచ్చేసింది. ఆవిడకు తెలియదు, మాకు తెలియదు, ఏ రికార్డులోనూ లేదు, అయినా వచ్చేసింది. ఎనిమిది నెలలకు ఆవిడ పోగానే ఆ నాలుగో వంతు ఆవిడ పిల్లలకు, అంటే బాబాయికీ, మేనత్తకూ, పోయిన పెద్దకొడుకు తరఫున నాకూ తమ్ముడికీ మూడు భాగాలైంది. లెక్క తేలిందేమిటంటే, నాన్న కట్టిన ఇంట్లో బాబాయికి పన్నెండో వంతు, అత్తకు పన్నెండో వంతు.

"మరి ఈ కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌లో ముగ్గురమే ఉన్నాం కదండీ" అన్నాను. అది ఎవరెవరు కుటుంబమో చెప్పే పత్రమే గానీ ఆస్తి ఎవరిదో తేల్చే పత్రం కాదన్నారు. ఇప్పుడు బాబాయి, అత్త తమ వాటాలు వదులుకుంటూ హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేసి ఇస్తే తప్ప ఇంటి టైటిల్ (యాజమాన్య హక్కు) సరిగ్గా ఉందని రాయలేనని చెప్పేశారు. ఆయన చెప్పింది న్యాయమే.

నాయనమ్మ బతికుండగా ఈ ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే, ఒక్క పూటలో తీరేది. ఆవిడ వేలిముద్ర వేస్తానని తానే అడిగింది.

బాబాయి సంగతి సులువుగానే అయింది. ఫోనులో విని, "మా అన్న ఇల్లురా అది, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తా" అన్నాడు. అత్త దగ్గరికి అమ్మా నేనూ వెళ్లాం. మామయ్యకు రెండేళ్లుగా డయాలసిస్, ఆ ఇల్లు చూస్తేనే తెలుస్తోంది ఎలా నెట్టుకొస్తున్నారో. అత్త కాఫీ ఇచ్చి, విషయం అంతా విని, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి వాళ్ల అబ్బాయి అన్నాడు: "ఊరికే సంతకం పెట్టమంటే ఎలా వదినా? చట్ట ప్రకారం మా అమ్మకు వచ్చేదే కదా." నన్ను అక్కా అని పిలిచే వాడు ఆ రోజు వదినా అంటూ మాట్లాడలేక మాట్లాడాడు, నాకు కోపం వచ్చింది. ఇంటికి వచ్చే దారిలో బస్సులో అమ్మ, "మీ నాన్న ఉంటే వాళ్లకి అడగకుండానే ఇచ్చేవారు" అంది. ఆ మాటతో నా కోపం దిగిపోయింది.

నిజానికి అత్త ఏం తప్పు చేసింది? అది ఆవిడ వాటా. మేం దోచుకోబోయామని కాదు, ఆవిడ ఆశపడిందనీ కాదు. ఒకరి అవసరం, ఇంకొకరి హక్కు, మరొకరి ఇల్లు ఒకే కాగితం దగ్గర ఎదురుపడేలా చేశాం. మంచివాళ్ల మధ్య కూడా మాట బిగుసుకుపోవడానికి అంతకంటే అక్కర్లేదు. ఇల్లు, పొలం కలిపి అరవై లక్షలు వేసుకుంటే పన్నెండో వంతు ఐదు లక్షలు. మా దగ్గర అంత లేదు. చివరికి మూడు లక్షలకు ఒప్పుకుంది. ఆ డబ్బు ఎక్కడిదనుకున్నారు? నాయనమ్మ తెచ్చి అమ్మ ఒళ్లో పోసిన లక్షా డెబ్బై వేలు, దానికి తోడు నేను తీసుకున్న పర్సనల్ లోను.

సంతకాల రోజు బాబాయి, అత్త, తమ్ముడు, నేను, నలుగురం అమ్మ పేరున హక్కు విడుదల రాసిచ్చాం. బయోమెట్రిక్ మిషన్ మీద అత్త వేలు పడలేదు. జీవితమంతా మిషను కుట్టిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. అమ్మే తన కొంగుతో అత్త వేలు తుడిచి, మళ్లీ మళ్లీ అద్దించింది. నాలుగోసారి పడింది. ఆ తర్వాత పొలం మ్యుటేషన్, అమ్మ పేరున కొత్త పాస్‌బుక్, ఇంటిపన్ను పేరు మార్పు, కరెంటు మీటరు పేరు మార్పు. 2024 ఫిబ్రవరికి తెమిలింది. ఈలోగా లోను సంగతి చల్లబడిపోయింది, సిమెంటు, ఇనుము రేట్లు పెరిగాయి, తమ్ముడి పిల్లలకు హైదరాబాద్‌లోనే ఇంకో ఏడాది ఫీజు కట్టేశాడు.

"మనకేం ఉందని" అనే మాట మీద నేను చాలా ఆలోచించాను. నాన్న గుమాస్తాగిరీ చేసిన ఆ మిల్లు యజమానుల ఇంట్లో పంపకాలు ఐదేళ్లు నడిచినా వాళ్ల వంట ఆగలేదు, పిల్లల చదువు ఆగలేదు. ఒక ఆస్తి ఇరుక్కుంటే ఇంకోటి ఉంది, లాయరుకి ఇవ్వడానికి డబ్బు ఉంది. మాకు ఉన్నది ఒక్క ఇల్లు. అది ఇరుక్కుంటే అంతా ఇరుక్కున్నట్టే. ఆస్తి ఎంత తక్కువైతే దానికి కాగితం అంత అవసరం అని నేను గట్టిగా నమ్ముతున్నాను. నాన్న ఒక తెల్లకాగితం మీద "నా తదనంతరం నా స్థిర చరాస్తులన్నీ నా భార్యకు చెందాలి" అని తెలుగులో రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, వాళ్ల చేత సంతకాలు పెట్టించి ఉంటే చాలు. స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. నాయనమ్మ వాటా, బాబాయి సంతకం, అత్త మూడు లక్షలు, ఏదీ ఉండేది కాదు. అత్తకు సాయం చేయాలని ఉంటే అది సాయంగానే చేసి ఉండేవాళ్లం.

ఇంకో అపోహ కూడా నాకు అప్పుడే పోయింది. నామినీ ఉంటే చాలు, వీలునామా ఎందుకు అనుకునేదాన్ని. బ్యాంకులో నామినీ అంటే డబ్బు చేతికి అందుకునే మనిషి, అంతే. అందుకున్నాక అది వారసులకు గానీ, వీలునామా ఉంటే అందులో రాసినవాళ్లకు గానీ చెందుతుంది. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలోనూ అంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్సులో మాత్రం 2015లో చట్టం మార్చారు. తల్లిదండ్రుల్ని, భార్యనో భర్తనో, పిల్లల్ని నామినీగా పెడితే ఆ డబ్బు వాళ్లదే అవుతుంది. అంటే ఆ పాలసీ డబ్బు చట్ట ప్రకారం నిజంగా నాయనమ్మదే. ఇవ్వనంటే మేం అడగడానికి లేదు. కాబట్టి నామినేషను కావాలి, వీలునామా కూడా కావాలి. రెండూ ఒకరినే చూపించాలి.

అమ్మ చేత వీలునామా రాయించడానికి నేను నాలుగు నెలలు వెనకాడాను. కన్నతల్లితో "నువ్వు పోయాక" అనే మాట ఎలా మొదలుపెట్టాలి? చివరికి అమ్మే అడిగింది. నిమ్మకాయలు కోస్తూ, "నేను కూడా మీ నాన్నలాగే పోతే మళ్లీ మీ ఇద్దరూ ఇన్ని ఆఫీసులు తిరగాలా?" అంది. ఆ సాయంత్రమే నోటుపుస్తకం తీశాం.

మేం అడిగిన ఒకరిద్దరు గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేసేయమన్నారు. పిల్లలకు ఇప్పుడే రాసిచ్చేస్తే ఒక పని అయిపోతుందని. నేను, తమ్ముడు ఇద్దరం వద్దన్నాం. సెటిల్‌మెంట్ రిజిస్టర్ అయిన రోజు నుంచి ఇల్లు అమ్మది కాదు. చూసుకోని పిల్లల నుంచి ఆస్తి వెనక్కి తీసుకోవడానికి 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం ఉంది, కానీ చూసుకుంటామన్న షరతు మీదే రాసిచ్చినట్టు ఉండాలి, ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆ గతి అమ్మకు ఎందుకు? వీలునామా అయితే అమ్మ ఉన్నన్నాళ్లూ అన్నీ అమ్మవే. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, మనసు మారితే కొత్తది రాసుకోవచ్చు. ఆఖరున రాసిందే చెల్లుతుంది.

ఇల్లు తమ్ముడికి, పొలం నాకు అంది అమ్మ. విలువలో తేడా ఉంది, నాకు అభ్యంతరం లేదు, ఆ మాట తమ్ముడి ఎదుటే చెప్పాను. వీలునామాలో ఎందుకలా పంచుతోందో కూడా ఒక వాక్యం రాయించాం. చంద్రహారం నా కూతురికి, గాజులు చెరో జత నాకూ మరదలికీ. "ఇందులో రాయనివి, ఇకముందు సమకూరేవి ఇద్దరికీ సమానంగా" అనే వాక్యం లాయరు గారు చేర్పించారు. అది లేకపోతే రేపు కొత్తగా వేసిన డిపాజిట్ కోసం మళ్లీ మొదటికొస్తామట. మా ఇద్దరిలో ఎవరైనా అమ్మ కంటే ముందు పోతే ఆ భాగం వాళ్ల పిల్లలకు అని కూడా రాయించారు. అది చదివేటప్పుడు అమ్మ వద్దు తీసెయ్యమని పట్టుబట్టింది. నచ్చజెప్పడానికి గంట పట్టింది.

సాక్షులుగా అమ్మ కంటే చిన్నవాళ్లను, ఊళ్లోనే ఉండేవాళ్లను, వీలునామాలో ఏమీ రానివాళ్లను చూసుకున్నాం. రిజిస్టర్ చేయించినా సరే, రేపు ఎవరైనా కోర్టుకు వెళ్తే ఆ సాక్షుల్లో ఒకరైనా వచ్చి చెప్పాల్సి ఉంటుంది. పక్కింటి టీచరు గారు, మందుల షాపు అబ్బాయి ఒప్పుకున్నారు. ఆ ముందు రోజే డాక్టరు గారి దగ్గర అమ్మ మతి, ఆరోగ్యం బాగున్నాయని ఒక సర్టిఫికెట్ తీసుకున్నాం. తప్పనిసరి కాదు, మా జాగ్రత్త మాది.

రిజిస్ట్రేషన్ రోజున నన్నూ తమ్ముడినీ బయట కూర్చోమన్నారు. తలుపు సందులోంచి అమ్మ కనిపిస్తోంది. సబ్ రిజిస్ట్రార్ గారు, "అమ్మా, ఇందులో ఏముందో మీకు తెలుసా? ఎవరైనా బలవంతం చేశారా?" అని అడిగారు. అమ్మ లేచి నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, ఇల్లు ఎవరికి, పొలం ఎవరికి, ఏ నగ ఎవరికో మొత్తం చెప్పింది. కూర్చోండమ్మా అన్నా కూర్చోలేదు. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం కట్టాం. మధ్యాహ్నం భోజనం వేళకి ఇంట్లో ఉన్నాం. నాన్న కాగితాల కోసం రెండేళ్లు తిరిగినవాళ్లకి ఇది ఒక్క పూట పని.

ఆ తర్వాత నా గురించి, మావారి గురించి ఆలోచించాను. మాకు హోమ్ లోను మీద ఫ్లాట్ ఉంది, పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు. మా ఇద్దరికీ ఏమైనా అయితే ఫ్లాట్ మైనర్ల పేరున పడుతుంది. మైనర్ల ఆస్తి అమ్మాలంటే గార్డియన్‌కు కోర్టు అనుమతి కావాలి. పిల్లల్ని ఎవరు పెంచాలో తల్లిదండ్రులు వీలునామాలో రాయవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. తమ్ముడు, మరదలు పేర్లు రాశాం, రాసే ముందు వాళ్లను అడిగాం. అదే వారం మావారి పాస్‌బుక్ తిరగేస్తే ఏటా మే నెలలో 436 రూపాయలు, ఇంకో 20 రూపాయలు కట్ అవుతున్నాయి. మొదటిది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, రెండోది సురక్షా బీమా. మొదటిదానికి ఏ కారణంతో పోయినా రెండు లక్షలు, రెండోదానికి ప్రమాదంలో పోతే రెండు లక్షలు వస్తాయి. ఆయన ఎప్పుడో బ్యాంకులో సంతకం పెట్టి మర్చిపోయారు. నాకు చెప్పనే లేదు. ఆయనకేమైనా అయి ఉంటే నేను అడిగేదాన్నే కాదు. ఇప్పుడు అన్నీ ఒక నోటుపుస్తకంలో రాశాం: ఖాతాలు, పాలసీలు, పీఎఫ్ నంబరు, అప్పులు, ఎవరికి ఇచ్చాం, ఎవరికి ఇవ్వాలి. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు కాబట్టి అవీ సరిచేశాం.

మా స్కూల్లో ఒక టీచరు ఉన్నారు. భర్త పోయారు, పిల్లలు లేరు. పన్నెండేళ్ల జీతంతో ఒక చిన్న ఫ్లాట్ కొనుక్కుని వాళ్ల అమ్మతో ఉంటున్నారు. ఆవిడకు నా కథ చెబితే, "నాకెవరున్నారు, అమ్మకే కదా వచ్చేది" అన్నారు. కాదు. అదే చట్టంలో ఆడవాళ్ల వరస వేరేగా ఉంది. భర్త, పిల్లలు లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె సొంత సంపాదన కూడా ముందు భర్త తరఫు వారసులకే వెళ్తుంది. వాళ్లెవరూ లేకపోతేనే కన్నతల్లి. ఆవిడ ఎన్నేళ్లుగానో మాట్లాడని మరుదులు ఉన్నారు. ఆవిడ నన్ను అలాగే చూస్తూ ఉండిపోయారు. ఆ శనివారమే వీలునామా రాశారు, సాక్షుల్లో ఒకదాన్ని నేనే. ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు ఎవరు కనబడినా ఈ మాట చెబుతున్నాను, ఇది చదివేవాళ్లూ చెప్పండి. ముస్లింలకు వారసత్వ నియమాలు వేరు, వీలునామాతో ఇవ్వగలిగేదానికీ మూడో వంతు హద్దు ఉంది. వాళ్లు తెలిసినవాళ్లను అడిగి రాసుకోవాలి.

అత్తకూ మాకూ మధ్య ఏడాది పాటు మాటలు పొడిపొడిగానే నడిచాయి. పండక్కి ఫోను, బాగున్నారా అంటే బాగున్నాం, అంతే. గత నెలలో మామయ్య పోయారు. పన్నెండో రోజున అమ్మ అక్కడే ఉండిపోయింది. నేను బయలుదేరుతుంటే అత్త గేటు దాకా వచ్చి, చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, మీ అమ్మ చేత రాయించిన ఆ కాగితం, నాకూ ఒకటి రాయించి పెట్టవే" అంది. "మా అత్తగారు ఇంకా ఉన్నారు కదా. మీ మామయ్య పేరున ఉన్న ఇంట్లో ఆవిడకీ వాటా వచ్చి ఉంటుందా?"

వచ్చి ఉంటుంది అన్నాను. ఆవిడకు 88 ఏళ్లు, మనిషి తెలివిగానే ఉన్నారు, పెద్దకొడుకు దగ్గర ఉంటున్నారు. ఆవిడను తొందరపెట్టకుండా ముందు వెళ్లి కూర్చుని, అది ఆవిడ హక్కు అని, ఏం చెయ్యాలన్నది ఆవిడ ఇష్టమని చెప్పాలి. ఆవిడ సరేనంటేనే తర్వాతి సంగతి. డెత్ సర్టిఫికెట్ కాపీలు పది తీసుకోమని, కుటుంబ సభ్యుల అప్లికేషన్‌లో ఆవిడ పేరు తప్పక రాయమని అత్త కొడుక్కి చెప్పాను. "సరే అక్కా" అన్నాడు. వచ్చే గురువారం నేనూ అమ్మా వెళ్తున్నాం.